జ్వరం కోసం ఎదురుచూడొద్దు

లివర్ గట్టిపడి (డాక్టర్లు దీన్ని సిర్రోసిస్ అంటారు) పొట్టలో నీరు చేరిన మనిషిని ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్ళ కోసం ఈ అధ్యాయం. ఆ జబ్బు తాగుడు వల్ల వచ్చిందా, హెపటైటిస్ వల్ల వచ్చిందా, సుగరుతో పాటు లివర్‌కి కొవ్వు పట్టి వచ్చిందా అన్న పంచాయితీ ఇక్కడ పెట్టను. ఏ దారిన వచ్చినా, ఈ దశకు చేరాక అందరి నెత్తిన వేలాడే ప్రమాదం ఒకటుంది. పొట్టలో చేరిన ఆ నీటిలోకి బ్యాక్టీరియా దిగడం. ఫైల్లో డాక్టర్లు ‘ఎస్‌బీపీ’ అని పొట్టిగా రాసేది దీన్నే.

అలాంటి మనిషి నిన్నటిలా లేడని మీకు అనిపించిన రోజునే, ఆ పొట్టనీరు కాస్త సిరంజితో తీయించి పరీక్ష చేయించండి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఈ పని మీ ఊళ్ళో, మీ ఇంటి పరిస్థితుల్లో ఎలా జరిపించుకోవాలన్నదే.

ఈ మాట అనగానే ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డం పడతారని తెలుసు. “పొట్టలో నీళ్ళు తీయించారంటే మనిషింక దక్కడండి” అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు పొట్ట బిగుసుకుపోయి ఊపిరి అందని స్థితిలో, ఇక ఏ మందూ పనిచేయదన్నప్పుడే నీళ్ళు తీసేవారు. తీసిన కొన్నాళ్ళకు మనిషి పోయేవాడు. పోయింది జబ్బు ముదిరి. నింద పడింది సూది మీద. పైగా నేను చెప్పేది లీటర్ల కొద్దీ తోడేసే పని కాదు. పరీక్షకు ఇరవై ముప్పై మిల్లీలీటర్లు చాలు, చిన్న టీ గ్లాసులో సగం కూడా ఉండదు. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయనో, రక్తం గడ్డకట్టే రిపోర్టు బాలేదనో ఈ పరీక్షను వాయిదా వేయాల్సిన పని సాధారణంగా ఉండదు. ప్రమాదకరంగా రక్తం పోయే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. ఇన్‌ఫెక్షన్‌ని కనిపెట్టకుండా వదిలేస్తే జరిగే నష్టం ముందు అది లెక్కలోకి రాదు.

అసలు ఆ నీటిలోకి బ్యాక్టీరియా ఎలా వెళ్తుంది? కాలువల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం నుంచి నీరు వస్తూనే ఉంది, కింద లాకు తలుపులు దించేశారు. గట్టు నుంచి ఊట పుట్టి పక్క చేలోకి చేరదూ? పేగుల నుంచి వచ్చే రక్తానికి గట్టిపడిన లివరే ఆ దించేసిన తలుపు. వెనక ఒత్తిడి పెరిగి పొట్టలోకి ఊరిన నీరే జలోదరం. ఇక పేగుల్లో ఈ.కొలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా ఎవరికైనా ఉంటాయి. పేగు గోడ దాటి వచ్చిన కొద్దిపాటి వాటిని మంచి లివర్ వడగట్టేస్తుంది. లివర్ చెడినప్పుడు పేగు గోడా బలహీనపడుతుంది, వడగట్టే పనీ కుంటుపడుతుంది. అవి రక్తంలోంచి పొట్టనీటిలోకి చేరతాయి. ఆ నీటిలో బ్యాక్టీరియాను చంపే ప్రోటీన్లు తక్కువ కనక అక్కడ హాయిగా పెరుగుతాయి. అందుకే పేగుకు చిల్లు పడకపోయినా, ఏ ఆపరేషనూ జరగకపోయినా ఇది తనంత తానే వస్తుంది. మీ దగ్గరున్న పాత రిపోర్టులో పొట్టనీటి ప్రోటీన్ అంకె ఉంటే చూడండి. డెసిలీటరుకు 1.5 గ్రాముల కన్నా తక్కువ ఉంటే మీ మనిషికి ముప్పు మిగతావాళ్ళ కన్నా ఎక్కువని గుర్తు పెట్టుకోండి.

ఇన్‌ఫెక్షన్ అంటే ఒళ్ళు కాలిపోవాలి, పొట్ట పట్టుకుని మెలికలు తిరగాలి అనుకుంటాం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. లివర్ జబ్బు ముదిరినవాళ్ళ ఒంట్లో జ్వరం తెచ్చుకునే శక్తి కూడా తగ్గిపోతుంది. కొందరికి జ్వరమూ ఉండదు, నొప్పీ ఉండదు. పొట్టనీటితో ఆసుపత్రిలో చేరిన ప్రతి పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఈ ఇన్‌ఫెక్షన్ ఉంటుందని వైద్యుల అంచనా. వాళ్ళలో కొందరు వేరే కారణంతో వచ్చినవాళ్ళే.

మరి దేన్ని చూడాలి? మనిషిని చూడాలి. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. టీవీ రిమోట్ చేతిలో పెట్టుకుని దానికోసమే వెతకడం. మనవడి పేరు తడుముకోవడం. పేపరు రోజూ చదివే మనిషి దాన్ని తిరగేసి కూడా చూడకపోవడం. ఒంటేలు సగానికి సగం తగ్గడం. రెండు రోజులుగా వాంతులో విరోచనాలో. కళ్ళ పచ్చదనం ఉన్నట్టుండి ముదరడం. నీరు తగ్గే బిళ్ళలు మామూలుగానే వేస్తున్నా పొట్ట గబగబా పెరగడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలు, అన్నీ కలిసి రావాలని లేదు. రక్తం కక్కుకున్నా, మలం తారులా నల్లగా వచ్చినా అసలు ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. ఆ రక్తస్రావమే ప్రమాదం, దాని వెనకే ఇన్‌ఫెక్షన్ కూడా వస్తుంది కనక ఆసుపత్రిలో ముందుగానే యాంటీబయాటిక్ మొదలుపెడతారు.

రోజూ పొద్దున్నే ఒక కాగితం మీద సంతకం చేయించి తారీఖు వేసి దాచండి. మెదడు మసకబారుతుంటే ఆ సంగతి మాటకన్నా ముందు చేతిరాతలో బయటపడుతుంది. పక్కనే ఆ రోజు బరువు రాయండి. ఇంతకు మించిన యంత్రం ఇంట్లో అక్కర్లేదు.

ఇంకో మాట. “ఎలా ఉందండీ?” అని అడిగితే రోగి చెప్పే జవాబును నమ్మకండి. “ఆయ్, బానే ఉందండి” అనే అంటాడు మనవాడు, మంచం మీద లేవలేకపోతున్నా సరే. పక్కనున్న భార్య “ఏంటో అండి, మనిషి మనిషిలా లేడు” అంటే ఆవిడ మాటే నమ్మండి. ముప్పై ఏళ్ళు కలిసి బతికిన మనిషి కన్ను పట్టుకునే తేడా ఒక్కోసారి రక్తపరీక్షలో రెండు రోజుల తర్వాత గాని కనపడదు.

ఆవిడ ఆ మాట అన్న తర్వాత మన ఊళ్ళలో సాధారణంగా జరిగేది ఇది. వీధి చివర ఆర్‌ఎంపీ గారికి కబురు వెళ్తుంది. “డాట్రుగారూ, నీరసంగా ఉందండి, ఓ సెలైన్ పెట్టండి.” ఆయన వస్తాడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, అందుకు ఆయన్ని తప్పుపట్టను. కాని ఆ సీసా సంగతి తెలుసుకోండి. మామూలు సెలైన్ అర లీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది. మీరు కూరలో చిటికెడు చిటికెడు తగ్గించుకుంటూ రోజంతా కలిపి ఐదు గ్రాములు దాటకుండా కాపాడిన మనిషికి గంటలో ఒక రోజు ఉప్పు ఎక్కించేశారన్నమాట. ఒళ్ళు నొప్పులకని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇస్తే అంతకన్నా చెరుపు. ఈ స్థితిలో కిడ్నీలు కుప్పకూలడానికి అదొక్కటి చాలు. ఐబూప్రోఫెన్ అయినా అంతే. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు కూడా కిడ్నీలను దెబ్బతీస్తాయి. చివరికి ఏదో యాంటీబయాటిక్ రెండు డోసులు పడితే ఇన్‌ఫెక్షన్ తగ్గదు, తర్వాత ఆసుపత్రిలో కల్చర్ చేస్తే క్రిమి మాత్రం దొరకదు. ఆర్‌ఎంపీ గారి సాయం నిజంగా పనికొచ్చేది ఒకచోట ఉంది. ఆయనకు ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరు ఏ వేళ ఉంటాడో తెలుసు. ఆ ఫోన్ చేయించుకోండి.

పండగ ఇంకో ప్రమాదం. సంక్రాంతికి అల్లుళ్ళొస్తారు, కోడిపందేలు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఆ మూడు రోజులూ “పండగెళ్ళాక చూద్దాం” అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినపడుతుంది. ఆ హడావుడిలో “కల్లే కదండీ, చలవ చేస్తుంది” అని ఓ ముంత చేతికిచ్చేవాళ్ళూ ఉంటారు. కల్లులో ఉన్నది కూడా ఆల్కహాలే.

వరద సంగతి మరీ ముఖ్యం, ఎందుకో ఆరోగ్యం పుస్తకాల్లో ఎవరూ రాయరు. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాల జనం పడవల మీదే తిరగాల్సి వచ్చింది. వరదొస్తే సఖినేటిపల్లి రేవులో పంటు ఆగిపోతుంది. లంకలో ఉండే కుటుంబమైతే, పొట్టనీరున్న మనిషిని జూలై, ఆగస్టు నెలల్లో అమలాపురంలోనో రావులపాలెంలోనో చుట్టాలింటికి ముందే చేర్చండి. రాజోలు వైపు వాళ్ళకు దిండి వంతెన మీదుగా అవతలి జిల్లాకు పోవడమా, ఇటు అమలాపురం రావడమా అన్నది రాత్రి రెండింటికి తేల్చుకునే విషయం కాదు. కొత్తపేట వాళ్ళయితే రాజమండ్రా, అమలాపురమా అన్నది ఇప్పుడే నిర్ణయించుకోండి. అమలాపురంలో ఏరియా ఆసుపత్రి ఉంది, కిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా దారి ఉంది. దగ్గర దూరం కన్నా చూసుకోవాల్సింది ఒకటే: పొట్టనీరు తీసే డాక్టరూ, అందులో కణాలు లెక్కించే ల్యాబూ ఆ వేళకు ఉన్నాయా లేదా. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఆ ఒక్కటీ అడగండి.

గంటల లెక్క ఎందుకింత చెబుతున్నానంటే, దానికి ఆధారం ఉంది. 2014లో అమెరికాలో ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చిన 239 మంది రికార్డులు తీసి చూశారు. ఆసుపత్రికి వచ్చిన పన్నెండు గంటల్లోపు పొట్టనీరు పరీక్షించినవాళ్ళలో 13 శాతం మంది చనిపోతే, ఆ తర్వాత పరీక్షించినవాళ్ళలో 27 శాతం మంది చనిపోయారు. తొలిసారి ఈ జబ్బును గుర్తించి రాసిన 1960ల్లో నూటికి తొంభై మంది దక్కేవారు కాదు. ఇప్పుడు త్వరగా పట్టుకుంటే నూటికి ఎనభై మంది దాకా ఆ గండం గట్టెక్కుతున్నారు. మధ్యలో వచ్చిన మార్పు మంచి యాంటీబయాటిక్‌లు, ముందే సూది పెట్టడం.

ఆసుపత్రిలో ఏమనాలో తెలియక చాలామంది “కడుపులో బాలేదండి” అని ఊరుకుంటారు. కడుపులో బాలేనివాళ్ళు ఆ రోజు క్యాజువాలిటీలో వందమంది ఉంటారు. ఇలా చెప్పండి: “మా నాన్నగారికి సిర్రోసిస్ అండి, పొట్టలో నీరుంది. నిన్నటి నుంచి మనిషి తేడాగా ఉన్నారు. ఎస్‌బీపీ ఏమోనని భయంగా ఉందండి, పొట్టనీరు సెల్ కౌంట్ ఈ రోజే చేయిస్తారా?” ఇది డాక్టరుకు పాఠం చెప్పడం కాదు. రద్దీలో మీ మనిషిని సరైన వరసలో నిలబెట్టడం. మంచి డాక్టరెవరూ దీనికి నొచ్చుకోరు.

సూది పెట్టేటప్పుడు రెండు విషయాలు గమనించండి. తీసిన నీటిలో కొంత ఊదారంగు మూత ట్యూబులోకి వెళ్ళాలి, కణాల లెక్కకు అది. ఇంకో పది మిల్లీలీటర్లు మంచం పక్కనే, అప్పటికప్పుడు బ్లడ్ కల్చర్ సీసాలోకి వెళ్ళాలి. మామూలు డబ్బాలో పోసి ల్యాబుకు పంపిస్తే సగం కేసుల్లో క్రిమి దొరకదు. రిపోర్టులో న్యూట్రోఫిల్ కణాలు క్యూబిక్ మిల్లీమీటరుకు 250, అంతకు మించి ఉంటే ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టే. కల్చర్ వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెడతారు. న్యూట్రోఫిల్స్ కాక లింఫోసైట్లు ఎక్కువుంటే, మన దేశంలో క్షయ కూడా అనుమానించాలి. ఆ పరీక్ష కూడా అదే నీటితో అవుతుంది.

మందు ఏది అన్నది డాక్టరు పని. కాని ఆయన సరిగ్గా ఎంచుకోవాలంటే మీ నుంచి ఒక సమాచారం కావాలి. గత మూడు నెలల్లో ఆసుపత్రిలో ఉన్నారా, ఏ యాంటీబయాటిక్‌లు వాడారు? ఇంట్లోనే ఉన్న మనిషికి వచ్చిన ఇన్‌ఫెక్షన్‌కు సెఫోటాక్సిమ్, సెఫ్‌ట్రియాక్సోన్ వంటివి వాడటం రివాజు. ఆసుపత్రిలో అంటుకున్నదైతే అవి తరచూ పనిచేయవు, ఇంకా గట్టివి కావాలి. మందులకు లొంగని బ్యాక్టీరియా ఆసియాలో, అందులోనూ మన దేశంలో, చాలా ఎక్కువ. మెడికల్ షాపులో అడిగిందల్లా ఇవ్వడం వల్ల మనం చెల్లిస్తున్న మూల్యమిది. అందుకని పాత చీటీలు, డిశ్చార్జి కాగితాలు, ఖాళీ స్ట్రిప్పులతో సహా ఒక ఫైల్లో పెట్టి మంచం పక్క మేకుకు తగిలించండి. ఆరోగ్యశ్రీ అని మనమంతా ఇంకా పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్ కార్డు కూడా అందులోనే. నలభై ఎనిమిది గంటలు మందు పడ్డాక మళ్ళీ ఒకసారి నీరు తీసి కణాల లెక్క తగ్గిందో లేదో చూడటం మంచి పద్ధతి. అడగండి.

ఆల్బుమిన్ దగ్గర మాత్రం కుటుంబాలు తరచూ ఆసుపత్రితో గొడవ పడతాయి. యాంటీబయాటిక్ ఇస్తున్నారు కదా, మళ్ళీ ఇంత ఖరీదైన సీసాలెందుకు, బిల్లు పెంచడానికా అని అనుమానం. ఆ అనుమానం అన్నిచోట్లా తప్పు కాకపోవచ్చు, ఇక్కడ మాత్రం తప్పు. 1999లో బార్సిలోనా వైద్యులు 126 మంది రోగులను రెండు భాగాలు చేసి చూశారు. యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో ఆసుపత్రిలోనే 29 శాతం మంది చనిపోయారు. ఆల్బుమిన్ కూడా ఇచ్చినవాళ్ళలో 10 శాతం. కిడ్నీలు దెబ్బతినడం కూడా అలాగే మూడో వంతుకు తగ్గింది. వాళ్ళు ఇచ్చిన లెక్క కిలో బరువుకు మొదటి రోజు ఒకటిన్నర గ్రాము, మూడో రోజు ఒక గ్రాము. అరవై కిలోల మనిషికి మొదటి రోజు తొంభై గ్రాములు, అంటే ఇరవై శాతం ఆల్బుమిన్ వంద మిల్లీలీటర్ల సీసాలు నాలుగున్నర. మూడో రోజు మూడు. రోజుకొక సీసాతో సరిపెట్టడం చాలాచోట్ల చూస్తాం, డబ్బు అందక. అందనప్పుడు చేసేదేం లేదు గాని, అప్పు పుట్టించగలిగితే ఈ వైద్యం మొత్తంలో అప్పు చేయదగ్గ ఖర్చు ఇదే.

ఇంటికి వచ్చాక పత్యం పేరుతో మనిషిని ఎండగట్టకండి. పచ్చకామెర్ల పసరు మందులు, వాటితో పాటు నెలల తరబడి చప్పిడి గంజి, ఈ రెండూ కలిసి కండ కరిగించేస్తాయి. కండ కరిగితే ఇన్‌ఫెక్షన్‌ని తట్టుకునే శక్తీ పోతుంది. గుడ్డు, చేప, పప్పు, పెరుగు పెట్టండి. రాత్రి పడుకునే ముందు కూడా ఏదైనా తినిపించండి. మానాల్సింది ఉప్పు. అంటే ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు. గోదారి చేప పులుసు తినొచ్చు, మీ చెయ్యి ఉప్పు డబ్బా దగ్గర ఆగితే.

కొబ్బరి బొండాం సంగతి చెప్పకపోతే కోనసీమలో ఈ అధ్యాయం పూర్తికాదు. ఎవరికి ఒంట్లో బాలేకపోయినా బొండాలు పట్టుకుని పరామర్శకు వస్తాం. కాని ఒక పెద్ద బొండాం నీళ్ళలో అర గ్రాముకు పైగా పొటాషియం ఉంటుంది. నీరు తగ్గడానికి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ బిళ్ళ అసలే ఒంట్లో పొటాషియాన్ని పట్టి ఉంచుతుంది. ఇక కిడ్నీ కూడా నలతపడితే ఆ పొటాషియం గుండెను ఆపేయగలదు. డాక్టరు మీ రక్తపరీక్ష చూసి సరేనంటే తప్ప వద్దు. బజార్లో అమ్మే ‘సోడియం తక్కువ’ ఉప్పులోనూ పొటాషియమే కలుపుతారు, దానికీ ఇదే మాట.

విరోచనం సాఫీగా అవడానికి ఇచ్చే లాక్టులోజ్ సిరప్ ఆపకండి, రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా వెళ్ళేలా చూసుకోండి. గ్యాస్ బిళ్ళలు, అంటే పాంటొప్రజోల్ లాంటివి, అవసరం లేకుండా నెలల కొద్దీ మింగేవాళ్ళలో ఈ ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా కనిపిస్తోంది. ఎందుకు వేస్తున్నారో డాక్టరును అడగండి. రొయ్యల చెరువుల్లో, ఉప్పుటేరుల్లో, సముద్రపు రేవుల్లో పనిచేసే మనిషైతే కాలికి గాయముండగా ఆ నీటిలో దిగనివ్వకండి. ఉప్పు కలిసిన నీటిలో ఉండే విబ్రియో బ్యాక్టీరియా లివర్ జబ్బున్నవాళ్ళ గాయంలో చేరితే గంటల్లో కాలు వాచి, నీటిపొక్కులొచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

ఒకసారి ఎస్‌బీపీ వచ్చి తగ్గినవాళ్ళకు ఏ మందూ లేకుండా వదిలేస్తే ఏడాదిలోపు పదిమందిలో ఏడుగురికి మళ్ళీ వస్తుంది. అందుకే చాలామందికి రోజూ ఒక నార్‌ఫ్లాక్ససిన్ 400 బిళ్ళ రాస్తారు. అది బాగున్నప్పుడు వేసుకునే బిళ్ళ కనక “ఇప్పుడు బానే ఉందిగా” అని ముందుగా ఆపేసేది కూడా అదే. డాక్టరు ఆపమనేదాకా ఆపకండి.

ఇక చివరి మాట కొంచెం కటువుగా ఉంటుంది. ఈ ఇన్‌ఫెక్షన్ ఒకసారి వచ్చిందంటే లివర్ తన పని మోయలేని స్థితికి చేరిందని అర్థం. గండం గడిచి ఇంటికొచ్చినవాళ్ళలోనూ సగం మందికి పైగా మరో ఏడాది బతకడం కష్టం. దీనికి నిలిచే వైద్యం లివర్ మార్పిడి ఒక్కటే. అది అందరికీ కుదరదు, వయసు, తాగుడు మానడం, డబ్బు, దాత అన్నీ అడ్డొస్తాయి. కాని కుదురుతుందో లేదో తేల్చాల్సింది మార్పిడి చేసే వైద్యులు. మీ ఇంటి అరుగు మీద చేరిన చుట్టాలు కాదు. ప్రభుత్వ జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదు కావడానికే పరీక్షలు, వారాలు పడతాయి. కాబట్టి మొదటిసారి డిశ్చార్జి చేసే రోజునే, ఆసుపత్రి గడప దాటకముందే డాక్టరు గారిని అడగండి: “మార్పిడికి మమ్మల్ని ఎవరి దగ్గరికి పంపిస్తారండి?”